ఎక్కడికి పోవాలనుంది, అవ్వా? – మా సంఘం చేతి కడ్డీల పని డైరీ

డిసెంబరు మొదటి వారం

పని ఏమిటో ముందు రాసి పెడుతున్నాను. నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో మా ఊరు, దాని చుట్టుపక్కల ఊర్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయిన ముసలివాళ్లు ఉన్న ఇళ్లల్లో పట్టుకుని నడిచే ఇనుప కడ్డీలు బిగించాలి. కింద కూర్చోలేనివాళ్లకు మరుగుదొడ్డిలో వేసుకునే ఎత్తు స్టూళ్లు చేయాలి. నాకు వెల్డింగ్ షాపు ఉంది. మా చర్చి సంఘంలో ఒక మేస్త్రి మామ ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే యవనస్థులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. స్త్రీల సమాజం ఉంది. మొదలుపెట్టడానికి ఇంతమంది చాలు.

మా దిక్కు సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు, ఈ పట్టీ అంతా నేల కింది రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. చేద బావులు ఎండిపోయి బోర్లు లోతుకు పోయినకొద్దీ నీళ్లలో అది ఎక్కువైంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దానికి కొన్ని రెట్లు ఉన్న నీళ్లు తాగి పెరిగిన తరాలు మావి. 2015లో చౌటుప్పల్ దగ్గర ఇంటింటికీ నీళ్లిచ్చే వాటర్ గ్రిడ్ పథకం పైలాన్ లేచింది, తర్వాత మిషన్ భగీరథ పేరుతో కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. ఆ నీళ్లకు మచ్చలు పడే పిల్లల పండ్లు ఇప్పుడు తెల్లగా ఉన్నాయి, అందుకు దేవునికి స్తోత్రం. కానీ మంచి నీళ్లు వచ్చాయని పాత ఎముక మళ్లీ వంగదు. వెన్నుపూసల చుట్టూ ఉండే కట్లు గట్టిపడిపోయి మెడ తిరగదు, మోకాలు ముడవదు, చెయ్యి భుజం దాటి లేవదు. ఆ నీళ్లు తాగినవాళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వాళ్ల గురించి పేపర్లో రావడం తగ్గింది.

పోయిన నెల పాస్టరుగారు యోహాను మొదటి పత్రిక మూడో అధ్యాయం చెప్పారు. "మాటతోను నాలుకతోను కాక క్రియతోను సత్యముతోను ప్రేమింతము" అన్న వాక్యం దగ్గర ఆగి, "మన సంఘంలో ఎవరి చేతికి ఏ పని వస్తది, చెప్పండి" అని ఒక్కొక్కరినే అడిగారు. వెల్డింగ్ అన్నాను. ఆరాధన అయిపోయాక బయట చెప్పుల దగ్గర నిలబడి మేస్త్రి మామ, నేను ఈ పని అనుకున్నాం.

క్రిస్మస్ వారం

డబ్బు సంగతి. క్రిస్మస్ విందు తగ్గించి ఆ డబ్బుతో పైపులు కొందామని ఎవరో అన్నారు. పాస్టరుగారు వద్దన్నారు. "విందుకు ఊరంతా వస్తది. మనతో కూర్చుని తినేటోళ్లకు ఆ ఒక్క పూట పెడుతున్నం, దాంట్లో కోత పెట్టొద్దు" అన్నారు. నాకూ అదే సరి అనిపించింది.

దారి స్త్రీల సమాజం చూపింది. పిడికెడు బియ్యం మా సంఘంలో ఎప్పటి నుంచో ఉంది. పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, తెస్తారు. ఇప్పటిదాకా ఆ బియ్యం సేవకుని (పాస్టరుగారి) కుటుంబానికీ ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకూ పోయేది. పాస్టరమ్మగారే లేచి, కొన్ని నెలలు ఈ బియ్యం అమ్మిన డబ్బు కడ్డీలకు పోవాలన్నారు. కూలికి పోయే తల్లులు తమ అన్నంలోంచి తీసిన బియ్యం అది. పైపు ముక్క ఒక్క అడుగు కూడా వృథా కాకుండా కోయాలని ఆ రోజే అనుకున్నాను.

పైపు తెచ్చాం. ఒక అంగుళం జీఐ (జింకు పూత ఉన్న ఇనుప పైపు), బి క్లాసు, అంటే మధ్యరకం మందం. అంతకంటే లావు పైపు చూడటానికి గట్టిగా ఉంటుంది కానీ ముడుచుకోని వేళ్లకు పట్టు దొరకదు. జీఐ అయితే తుప్పు త్వరగా పట్టదు. ఒక జాగ్రత్త మాత్రం రాసుకోవాలి: జీఐ పైపును అలాగే వెల్డింగ్ చేస్తే పైనున్న జింకు కాలి తెల్ల పొగ వస్తుంది, అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. అతుకు పెట్టే చోట గ్రైండరుతో పూత తీసేయాలి, షాపు బయట గాలికి కూర్చుని చేయాలి. అతుకు మీద తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్, దాని మీద పెయింటు.

జనవరి, సంక్రాంతి పోయాక

మొదటి ఇల్లు. పెద్దవ్వ ఒక్కతే ఉంటుంది. కొడుకూ కోడలూ హైదరాబాదులో, ఎల్బీ నగర్ వైపు పనిలో ఉన్నారు. మట్టీ రాయీ కలిపి కట్టిన పాత గోడ. మరుగుదొడ్డి పెరట్లో ఆ మూలకు ఉంది. ఇంట్లోంచి అక్కడిదాకా పోవడానికి అవ్వ గోడ పట్టుకుని, గోడ అయిపోయాక బర్రెను కట్టేసే గుంజ పట్టుకుని, గుంజ తర్వాత ఏదీ లేక కర్రతో పోతుంది. చీకటి పడ్డాక పోకుండా ఉండేందుకు మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తుందట. ఈ మాట ఆమె మాతో చెప్పలేదు, పక్కింటి కోడలు మా పాస్టరమ్మగారి చెవిలో వేసింది.

మట్టిగోడలో ఫాస్టెనర్ (రంధ్రంలో బిగుసుకునే బోల్టు) నిలవదు. డ్రిల్ పెడితే పిండిలా రాలుతుంది. మేస్త్రి మామ గోడకు అటువైపూ ఇటువైపూ ఇనుప ప్లేటు పెట్టించి, మధ్యలోంచి పొడుగు బోల్టు దూర్చి బిగించాడు. గోడ ఆ రెండు ప్లేట్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి బరువు పడితే ఊడదు. పెరట్లో గోడ లేని చోట అడుగున్నర లోతు గుంతలు తవ్వి, స్తంభాలు నిలబెట్టి కాంక్రీటు పోశాం.

ఎత్తు విషయం. కొలతల పుస్తకాల్లో కడ్డీ నేల నుంచి దాదాపు 900 మిల్లీమీటర్ల ఎత్తులో, అంటే నడుము దగ్గర ఉండాలని ఉంటుంది. అవ్వ వంగిపోయి ఉంది. ఆమెను గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి తనంతట తాను ఎక్కడ ఆనుతుందో అక్కడ సుద్దముక్కతో గీత గీశాం. 27 అంగుళాలు వచ్చింది. "గంతకంటె పైకి వద్దు బిడ్డా, రెక్క లేవది" అంది. ఆ గీతకే బిగించాం. గోడకూ పైపుకూ మధ్య రెండు అంగుళాల సందు ఉంచాం. ఎక్కువైతే చెయ్యి జారి మోచేయి ఇరుక్కుంటుంది.

కాంక్రీటు వారం రోజులు తడపాలి, అందాకా ఎవరూ దాని మీద బరువు వేయొద్దు. అవ్వకు బిందె ఎత్తే శక్తి లేదు. పక్కింటి పిల్లలు బడి నుంచి వచ్చి గోనె సంచులు చుట్టి, చెంబులతో నీళ్లు పోశారు. వాళ్లు మా సంఘం పిల్లలు కాదు. మేం చెప్పనూ లేదు. మేస్త్రి మామ చూడటానికి పోతే గోనె తడిగా ఉంది.

ఫిబ్రవరి

ఈ నెలలో నేర్చుకున్నది ఎక్కువ, బిగించింది తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఒక తాత ఉన్నాడు. ఒకప్పుడు మోట కొట్టినవాడు, మంచి మాటకారి. ఇప్పుడు నడుం నుంచి కింద బిగుసుకుపోయింది. మేం టేపు పట్టుకుని పోయి మరుగుదొడ్డి దగ్గర, మంచం దగ్గర కొలతలు తీస్తుంటే, "నాకెందుకురా ఇవన్ని, ఇయ్యాల్నో రేపో పోయేటోన్ని" అన్నాడు. కోడలు నచ్చజెప్పింది, వినలేదు. యవనస్థుల్లో ఒకడు వాదించబోతే మేస్త్రి మామ కళ్లతోనే ఆపి, టేపు జేబులో వేసుకుని తాత మంచం మీద కూర్చున్నాడు. వానలు, పంట, పాత సర్పంచులు, అన్నీ మాట్లాడాడు. చివరికి అడిగాడు: "తాతా, నీకు ఏడికి పోవాలనుంటది?"

తాత వెంటనే చెప్పాడు. అరుగు మీదికి. ఇంటి ముందు అరుగు ఉంది, సాయంత్రం అయితే వాడకట్టు మగవాళ్లు అక్కడే కూర్చుంటారు. గడప ఎత్తు, దాని తర్వాత రెండు మెట్లు. ఆ మెట్లు దిగలేక ఇంట్లో మంచం మీదే పడుకుని వాళ్ల మాటలు వింటున్నాడు. మరుగుదొడ్డికి కొడుకు ఎత్తుకుపోతాడు, దానికి ఆయన అలవాటుపడ్డాడు. నలుగురితో కూర్చోలేకపోవడానికి అలవాటుపడలేదు.

మేం మంచం నుంచి గడపదాకా ఒక కడ్డీ, గడప నుంచి అరుగుదాకా రెండు పక్కలా కడ్డీలు పెట్టాం. మెట్ల మీద వాలు కట్టాలనుకున్నాం. వాలుకు లెక్క ఉంది: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి, లేదంటే కాలు జారుతుంది. మాకు అంత వాకిలి లేదు. అందుకని మేస్త్రి మామ ఒక్కో మెట్టును రెండుగా చేశాడు. ఎత్తు మూడున్నర అంగుళాలకు తగ్గింది, కాలు ఈడ్చుకుంటూ ఎక్కగలిగేంత. బండ నున్నగా ఉంటే జారుతుందని మీద చీపురుతో గీతలు గీశాడు.

ఇప్పుడు మా కొలతల కాగితంలో మొదటి ప్రశ్న మారింది. "ఏ గోడ, ఎంత పొడవు" అన్నది కిందికి పోయింది. "ఎక్కడికి పోవాలనుంది?" అన్నది పైకి వచ్చింది. జవాబులు వింటే మనిషి మీద గౌరవం పెరుగుతుంది. ఒక అవ్వ తులసికోట దగ్గరికి పోయి దీపం పెట్టాలంది. పెట్టాం. ఒక పెద్దమ్మ పొయ్యి దగ్గర నిలబడాలంది, మనవరాలికి తానే సర్వపిండి చేసి పెట్టాలట. పొయ్యి గట్టు పక్కన గోడకు అడుగున్నర కడ్డీ చాలింది. ఒకాయన దర్గా దాకా పోవాలన్నాడు. అంత దూరం కడ్డీ వేయలేం, యవనస్థులు గురువారం గురువారం ఆయన్ని బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోతున్నారు.

తులసికోట సంగతి మా సంఘంలో ఒకరిద్దరికి నచ్చలేదు. పాస్టరుగారితో అన్నారు. ఆయన లూకా పదో అధ్యాయం తెరిచి సమరయుడు ఏం చేశాడో చదివించారు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు, తన పశువు మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటివాడికి రెండు దేనారాలు ఇచ్చాడు, ఎక్కువ ఖర్చయితే మళ్లీ వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. పడిపోయినవాడిని ఎక్కడ పూజ చేస్తావని అడగలేదు. అంతటితో ఆ మాట ఆగింది. నాకైతే అందులో "మళ్లీ వచ్చినప్పుడు" అన్నదే గుర్తుండిపోయింది. కడ్డీ బిగించి వదిలేస్తే కుదరదు, బోల్టులు చూడటానికి మళ్లీ పోవాలి.

మార్చి మొదటి వారం

ఊరి కుర్రవాడొకడు షాపుకు వచ్చి సూటిగా అడిగాడు. "అన్నా, దీని ఎనక ఏముంది? రేపు మా నాయినమ్మను గుడికి రమ్మంటరా?" కోపంగా అడగలేదు, తన ఇంటి మనిషి గురించి అడిగాడు. అడగాల్సిందే. ఏమీ లేదని చెప్పాను. కడ్డీ మీద సంఘం పేరు ఉండదు, వాక్యం ఉండదు, ఫోటోలు తీయం. ప్రార్థన కూడా వాళ్లు అడిగితేనే. నువ్వు ఎందుకు చేస్తున్నావంటే మాత్రం యేసుప్రభువు నన్ను ప్రేమించాడు కాబట్టి అని చెబుతాను, అది దాచను. వాడు కాసేపు నిలబడి, "మరి డ్రిల్ పట్టుకునేటందుకు మనిషి గావాలా?" అన్నాడు. అప్పటి నుంచి వస్తున్నాడు.

ఇదే వారం నల్గొండ నుంచి ఒక దాత పైపులకు డబ్బు ఇస్తానని, ప్రతి కడ్డీకి తన తల్లిదండ్రుల పేరుతో చిన్న ప్లేటు పెట్టమని అడిగారు. తల్లిదండ్రుల మీద ఆయన ప్రేమను నేను కాదనను. కానీ పొద్దున లేస్తే చేత్తో పట్టుకునే కడ్డీ మీద ఇంకొకరి పేరు ఉంటే అది దానంగా కనిపిస్తుంది, తన ఇంటి వస్తువుగా కనిపించదు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట చెప్పి, పేరు లేకుండా ఇస్తే తీసుకుంటామన్నాం. ఆయన ఆలోచించుకుని పేరు లేకుండానే పంపారు.

మార్చి చివర

స్టూళ్లు. ఊర్లలో కట్టిన మరుగుదొడ్లలో ఎక్కువ వాటికి కింద కూర్చునే బేసినే ఉంది. మోకాలు ముడవనివాళ్లకు అది ఉన్నా లేనట్టే. చాలామంది ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో రంధ్రం కోసి వాడుతున్నారు. తడి బండ మీద దాని కాళ్లు పక్కకు పరుచుకుంటాయి, రెండు మూడు నెలలకు కోసిన చోట పగులుతుంది. ఒక పెద్దాయన అలా పడే తుంటి విరగ్గొట్టుకున్నాడు.

మాది అంగుళం చదరపు పైపుతో చేసిన స్టూలు, ఎత్తు 18 అంగుళాలు, పైన శానిటరీ షాపులో దొరికే ప్లాస్టిక్ సీటు. రెండు పక్కలా చేతులు ఆనించుకునే కడ్డీలు వేశాం, లేచేటప్పుడు బరువంతా వాటి మీదే పడుతుంది. ముందు కాళ్లకంటే వెనక కాళ్లు కొంచెం ఏటవాలుగా బయటికి ఉన్నాయి, వెనక్కి పడకుండా. కాళ్ల కింద రబ్బరు బుష్‌లు. ఇనుముకు అసలు శత్రువు మరుగుదొడ్డి కడగడానికి పోసే యాసిడ్. ఎంత పెయింటు వేసినా కాళ్ల అడుగు నుంచి తినేస్తుంది. స్టూలు ఇచ్చేటప్పుడు యాసిడ్ పోసేముందు దాన్ని బయట పెట్టమని ఇంట్లోవాళ్లకు చేసి చూపిస్తున్నాం. బుష్‌లు అరిగిపోతాయి కాబట్టి ప్రతి ఇంట్లో ఒక జత అదనంగా ఇస్తున్నాం.

మొదటి అవ్వకు కూడా ఒకటి చేశాం. ఇప్పుడు సాయంత్రం కూడా నీళ్లు తాగుతోందని పక్కింటి కోడలు చెప్పింది. నాకు అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఏప్రిల్, శ్రమల వారం (ఈస్టరుకు ముందు వారం)

ఈ వారం వెల్డింగ్ కంటే పెద్ద పని స్త్రీల సమాజం చేసింది. కొలతలకు పోయినప్పుడు పాస్టరమ్మగారి కంట్లో ఒకటి పడింది: కాలి గోళ్లు. నడుం వంగని మనిషికి తన పాదం అందదు. గోళ్లు పెరిగి, వంకర తిరిగి, పక్క వేలులోకి గుచ్చుకుంటాయి. కోయమని కొడుకును అడగడానికి సిగ్గు, కోడలిని అడగడానికి ఇంకా సిగ్గు. అందుకే ఎవరూ చెప్పరు. మేం మగవాళ్లం ఇన్ని ఇళ్లు తిరిగినా మా కంట పడలేదు.

మట్టల ఆదివారం మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టారు. వెడల్పు తొట్టిలో గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు. పాదాలు నానబెడతారు. గట్టి గోరు నానితేనే తెగుతుంది, పొడిగా కోస్తే పగిలి మాంసంలోకి పోతుంది. మూలలు లోపలికి కోయకుండా అడ్డంగా తిన్నగా కోస్తారు. తుడిచి, వేళ్ల మధ్య తడి లేకుండా ఆరబెట్టి, మడమల పగుళ్లకు కొబ్బరినూనె రాస్తారు. షుగర్ ఉన్నవాళ్ల గోళ్లు మాత్రం వీళ్లు కోయరు. చిన్న గాటు కూడా వాళ్లకు త్వరగా మానదు. వాళ్ల పాదాలు కడిగి, పుండ్లు ఏమైనా ఉన్నాయేమో చూసి, ఏఎన్ఎమ్‌కు (ఊరి నర్సుకు) చెబుతున్నారు.

పెద్ద గురువారం ఆరాధనలో యోహాను 13వ అధ్యాయం చదువుతారు. ప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడగడం. ఏటా పాస్టరుగారు పన్నెండుమంది పెద్దల పాదాలు కడిగేవారు, అందరి పాదాలూ అప్పటికే శుభ్రంగా ఉండేవి. ఈసారి ఆ కార్యక్రమం గుడిలో పెట్టలేదు. వాక్యం చదివి, ప్రార్థన చేసి, తొట్లు పట్టుకుని వాడల్లోకి పోయాం. పాస్టరుగారు ఆ మోట కొట్టిన తాత పాదాలు కడిగారు. తాత అరుగు మీదే కూర్చున్నాడు. చుట్టూ ఉన్న మగవాళ్లు మొదట నవ్వారు, తర్వాత ఒకాయన లేచి వెళ్లి వేడి నీళ్లు తెచ్చాడు.

ఈ పని నెలకోసారి సాగాలి. గోళ్లు ఆగవు.

మే

ఎండ. పెరట్లో ఉన్న కడ్డీలు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతున్నాయి. అనుకున్నదే, రోహిణి కార్తెకు ముందే ఏదైనా చుట్టాలి. సైకిల్ ట్యూబు చుట్టి చూశాం, ఎండకు అది జిగురుగా మారి చేతికి అంటుకుంటోంది. కొబ్బరితాడు ముసలి చేతులకు గరుకు. చివరికి మంచాలకు అల్లే నవారు బాగా కుదిరింది. మెత్తగా ఉంటుంది, అంతగా వేడెక్కదు, మాసిపోతే విప్పి కొత్తది చుట్టొచ్చు. చివర్లు ఊడిపోకుండా మసీదు పక్కన ఉండే టైలర్ చాచా కుట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోమంటే, "బడే లోగోం కా కామ్ హై బేటా, రహ్నే దో" (పెద్దవాళ్ల పని బిడ్డా, ఉండనీ) అని మిగిలిన నవారు చుట్ట కూడా చేతిలో పెట్టాడు.

ఇదే నెలలో సదరం పరీక్షకు, అంటే వైకల్యం ఎంతో చూసి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షకు, ఇద్దరిని నల్గొండ తీసుకుపోయాం. అప్పుడు మీసేవలో స్లాట్ తీసుకుని, ఆ రోజుకు సర్కారు దవాఖానకు పోవాల్సి ఉండేది. ఆ సర్టిఫికెట్ ఉంటేనే వికలాంగుల పింఛనుకు దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. కాగితం పని ఎవరైనా చేసిపెడతారు, అవ్వను బస్సు ఎక్కించడమే కష్టం. బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తో, మోకాలు ముడవని మనిషితో పోతే తెలుస్తుంది. నేను పైన గట్టి ప్లేటు ఉన్న పొట్టి స్టూలు ఒకటి చేసి యవనస్థుల చేతికిచ్చాను. మెట్టు ముందు దాన్ని వేసి, ఇద్దరూ రెండు పక్కలా నిలబడి ఎక్కించారు. కండక్టరు తొందరపెట్టలేదు. "నిమ్మలంగ ఎక్కియ్యి తమ్మీ" అన్నాడు. ఆ స్టూలు ఇప్పుడు గుడిలో ఉంటుంది, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుపోతున్నారు. ఆరాధనకు ఆటోలో వచ్చే మా సంఘం అవ్వలకూ అదే పనికొస్తోంది.

జూన్, మొదటి వానలు పడ్డాక

తిరిగి చూడటానికి పోయాం. పెరళ్లలో వేసిన స్తంభాల్లో రెండు కదులుతున్నాయి. నల్లరేగడి ఉన్న చోట్లే. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి, స్తంభాన్ని పక్కకు నెడుతుంది. ఎర్రనేలలో వేసినవి కదల్లేదు. నల్లరేగడిలో గుంత రెండున్నర అడుగులకు పోవాలని, అడుగున మొరం దట్టించి ఆపైన కాంక్రీటు పోయాలని మేస్త్రి మామ అంటున్నాడు. ఆ రెండూ తీసి మళ్లీ వేస్తున్నాం. కాంక్రీటు గట్టిపడేదాకా ఆ ఇళ్లల్లో ఉదయం, సాయంత్రం మనిషి చేయి పట్టుకుని నడిపించాలి. వంతులు వేసుకున్నాం. నాయినమ్మ గురించి అడగడానికి వచ్చిన కుర్రవాడు రెండు ఇళ్లల్లోనూ ఉదయం వంతు తనకే కావాలన్నాడు.

మట్టిగోడల బోల్టులు కొన్ని వదులయ్యాయి, బిగించాం. నవారు రెండిళ్లల్లో మార్చాం. పొయ్యి దగ్గర కడ్డీ పెట్టిన పెద్దమ్మ సర్వపిండి చేసి పెట్టింది, మనవరాలికంటే ముందు మాకే. తింటుంటే, ఇంకో జానెడు కడ్డీ పక్కకు పొడిగిస్తే నీళ్ల బిందె దగ్గరికి కూడా పోతానని చెప్పింది. రాసుకున్నాం.

నాంపల్లి వైపు నుంచి నాలుగు ఇళ్లవాళ్లు కబురు పెట్టారు. ఆదివారం ఆరాధన అయ్యాక పోయి అడిగి, కొలిచి రావాలి. పిడికెడు బియ్యం ఈ నెల కూడా కడ్డీలకే అని స్త్రీల సమాజం తీర్మానించింది. డ్రిల్ మెషిన్ కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి, శనివారం నల్గొండ పోయి మార్పించాలి. వచ్చేటప్పుడు పైపులు, రబ్బరు బుష్‌లు, పెద్ద సైజు గోళ్ల కత్తెర రెండు.